కుడిచెయ్యి చూడండి

నేను ఒక నరాన్ని. చదువుకున్నవాళ్ళు ధమని అంటారు. పుట్టింది మద్దిలేటి ఎడమ ముంజేతిలో. అతను నాపరాళ్ళు చెక్కేవాడు. సుత్తి కుడిచేతిది, ఉలి ఎడమచేతిది. దెబ్బ దానిది, అదురు నాది. సుత్తి లేవగానే బిగుసుకోవడం, దెబ్బ పడ్డాక వదులు కావడం, యాభై ఏళ్ళలో నేను నేర్చిన చదువు అదొక్కటే.

అరవై ఆరో ఏట అతని గుండె నరాలు పూడుకుపోయాయి. ఆపరేషన్ గదిలో నన్ను కోసి బయటికి తీశారు. చిన్న డాక్టరు వేళ్ళతో నొక్కి చూశాడు.

"గోడల్లో అక్కడక్కడ సున్నం పట్టింది సార్. ముసలి నరం, నిలుస్తుందా?"

"ఇంతకంటే మంచిది ఈ ఒంట్లో లేదు. కుట్టు," అన్నాడు పెద్ద డాక్టరు. నా జన్మకు దక్కిన మెప్పు అదే.

బిగుసుకోకుండా మందులో నానబెట్టి, గుండె మీద పూడిన చోటు దాటించి నన్ను కుట్టారు.

తొమ్మిదేళ్ళు నెత్తురు మోశాను. కానీ నాకూ అతని వయసే కదా! బిగుసుకోవడం మునుపటిలాగే ఉంది. వదులు కావడమే ఏటేటా ఆలస్యమవుతోంది.

మొన్న పుష్యమాసంలో, తెల్లారగానే, మద్దిలేటి నెత్తిన చన్నీళ్ళు గుమ్మరించుకున్నాడు. చలికి బిగుసుకున్నాను. వదులు కావాలి. కాలేకపోయాను. నా అవతల గుండె నెత్తురు కోసం గిలగిల్లాడింది. అతను నీళ్ళతొట్టి పక్కన కూలబడ్డాడు.

పక్కింటి ఓబులేసు పరుగున వచ్చాడు. ఊళ్ళో ఎవరికేమైనా నాడి చూసేది ఆయనే. మద్దిలేటి కుడిచెయ్యి ఒంటికింద ఇరుక్కుంది. అందిన ఎడమ మణికట్టు పట్టుకుని వేళ్ళు మార్చి మార్చి వెదికాడు. అక్కడ నేనుంటే కదా!

"నాడి లేదు. మా తమ్ముడు దాటిపోయినాడు. తులసినీళ్ళు తేండి!"

అరుపు విని చేరిన నలుగురూ తలా ఒక దిక్కుకు ఉరికారు. మనుషుల తీరే అంత. పోయాడంటే ఏం చెయ్యాలో అందరికీ తెలుసు, ఉన్నాడంటేనే ఏమీ తోచదు. జానెడు దూరంలో, ఎముకల వెనక, నేను బిగుసుకునే ఉన్నాను. చెబుదామంటే నోరు లేదు.

అతని భార్య సుంకులమ్మ దొడ్లోంచి వచ్చింది.

"యా చెయ్యి పట్టుకున్నావు బావా? ఆ నరం తీసి గుండెకాడ కుట్టినారు! ఈ చెయ్యి చూడు!"

ఒంటికింది కుడిచెయ్యి లాగి ఆయన చేతిలో పెట్టింది. ఓబులేసు ముఖం మారింది.

"ఆడతాంది... సన్నంగా ఆడతాంది సుంకులూ!"

ఆమె అప్పటికే మొగుడి నాలుక కింద మాత్ర దోపింది. ఆ మందు నన్ను చేరేదాకా ఎంత సేపో! పోగు పోగుగా సడలాను. నెత్తురు దాటింది.

మద్దిలేటి కళ్ళు తెరిచి తులసినీళ్ళ చెంబు చూశాడు.

"ఏంది ఓబులేసన్నా, అంత తొందరా? వయసులో నీ తర్వాతనే గదా నేను."

ఆస్పత్రికి తీసుకుపోయి చూపించారు. నరం తెరుచుకునే ఉంది గానీ ముసలిదైంది, చన్నీళ్ళు వద్దు, మాత్రలు మానొద్దు అన్నారు.

నెల తిరగ్గానే, సుంకులమ్మ తిడుతున్నా వినకుండా, గుమ్మం పక్కన నిలబెట్టడానికి ఒక నాపరాయి ముందేసుకున్నాడు. వచ్చిన నాలుగక్షరాలూ కూడబలుక్కుని చెక్కుతున్నాడు: కుడిచెయ్యి చూడండి. అందరికీ పోయాక రాయి వేస్తారు. ఇతను పోకుండా వేసుకుంటున్నాడు.

ఉలి పట్టిన చేతిలో ఇప్పుడు నేను లేను. అయినా సుత్తి లేచినప్పుడల్లా బిగుసుకుంటున్నాను. దెబ్బ పడుతుంది. వదులవుతున్నాను, నిన్నటికంటే కాస్త ఆలస్యంగా.