దర్వాజకు కాపడం

మా కొత్త ఇంటికి దసరా తర్వాత దర్వాజ, అంటే ద్వారబంధం, ఎత్తాం. హవేలిఘనపూర్‌లో మా పొలం గట్టున నా భార్య నిర్మలమ్మ బిందెలతో నీళ్లు మోసి పెంచిన టేకు చెట్టు ఒకటి ఉండేది. గాలివానకు పడిపోతే కోయించాం. మెదక్‌లో వడ్రంగి పని చేసే వెంకట్రాములు ఆ కట్టెతోనే దర్వాజ చేశాడు. పసుపు రాసి, బొట్లు పెట్టి, కింద నవధాన్యాలు పోసి నిలబెట్టాం. అట్లా ఎత్తిన దర్వాజను మళ్ళీ తీయడం మంచిది కాదంటారు.

వారం తిరగకముందే లోపల చప్పుడు మొదలైంది.

కర్, కర్. చెక్కలో పురుగు. చెవి పెడితే వినిపిస్తుంది, చూస్తే బెజ్జం కూడా లేదు. చెట్టు పడి బెరడుతో ఉన్నప్పుడే లోపలికి దూరి ఉంటుందని వెంకట్రాములు అన్నాడు. ఊడదీసి వేరే దర్వాజ పెడతానన్నాడు. నిర్మలమ్మ ఒప్పుకోలేదు. నన్ను అడిగారు. చూద్దామన్నాను.

పుష్యమాసం వచ్చింది. చలి ముదిరింది, చప్పుడు ఆగింది. వెంకట్రాములు సంబరంగా వార్నిష్ డబ్బా పట్టుకొని వచ్చాడు.

"సచ్చింది బావా. గీ చలికి మనుషులే ఆగుతలేరు, పురుగు ఆగుతదా?"

నిర్మలమ్మ ఎండలో కూర్చొని మోకాలికి కాపడం పెట్టుకుంటోంది. చలికాలం వస్తే ఆమెకు కీళ్లు పట్టేస్తాయి. వేడినీళ్ల రబ్బరు సంచి లేనిదే లేవలేదు.

"పొద్దుగాల నేను గూడ లేస్తలేను. సచ్చిన్ననుకుంటవా?" అంది.

వెంకట్రాములు డబ్బా కింద పెట్టాడు. పురుగు బతికి ఉంటే, పైన ఎంత వార్నిష్ వేసినా ఎండలు రాగానే లోపలంతా డొల్ల చేస్తుంది. మాఘంలో గృహప్రవేశం చేయాలని మా ఆలోచన. ఆలోపు అది దొరకాలి, లేదంటే దర్వాజ పోవాలి. మెదలని పురుగు ఎక్కడుందో ఎట్లా తెలుస్తుంది? చెక్కంతా బెజ్జాలు కొడితే ఇక మిగిలేదేమిటి?

నిర్మలమ్మ గోడ పట్టుకొని లేచింది. సంచిని తువ్వాలలో చుట్టి, తీసుకుపోయి దర్వాజ కుడిపక్క చెక్కకు ఒత్తి పట్టుకుంది.

"ఏందక్కా, దర్వాజకు గూడ మోకాళ్ల నొప్పులా?"

"నోర్మూసుకొని చెవి పెట్టు."

పెట్టాడు. చాలాసేపు ఏమీ లేదు. ఆమె సంచిని జానెడు కిందికి జరిపింది. ఇంకో జానెడు. నీళ్లు చల్లారినప్పుడల్లా నేను పక్కనే మేముంటున్న కిరాయి ఇంటికి పోయి కాచి తెచ్చాను. గొళ్లెం పెట్టే చోటికి వచ్చేసరికి వెంకట్రాములు చేయి ఎత్తాడు.

నేనూ చెవి ఆనించాను. కర్. ఆగి, మళ్ళీ కర్. నిద్రలో లేపితే గొణిగినట్టు.

పెన్సిల్‌తో గీత పెట్టి, సన్నగా బెజ్జం కొట్టి, ఉలితో కొంచెం విప్పాడు. పిండిలాంటి పొడి రాలింది. దాని వెనక వేలెడు తెల్లటి పురుగు. తీగ వంచి బయటికి లాగాడు. చలిగాలి తగలగానే అది ముడుచుకొని మళ్ళీ కదలడం మానేసింది. చూసినవాళ్లెవరైనా చచ్చిందనే అంటారు. వెంకట్రాములు దాన్ని చెప్పు కింద వేసి నలిపాడు.

నిర్మలమ్మ ముఖం తిప్పుకుంది. "పండుకున్నదాన్ని నేనే లేపి సంపిచ్చిన."

"లేపకుంటే దర్వాజనంత బుక్కుతుండె గద అక్కా."

విప్పిన చోట టేకు ముక్క చెక్కి బిగించాడు. ఇది ఒక్కటేనా అని ఆమె అడిగితే తెలియదన్నాడు. ఆమె నన్ను మళ్ళీ నీళ్లకు పంపింది. ఎడమపక్కా అంతే జాగ్రత్తగా కాపడం పెట్టింది. పైచెక్క అందకపోతే నన్ను స్టూలు ఎక్కించింది. ముగ్గురం మూడుచోట్ల చెవులు పెట్టి విన్నాం. ఏమీ లేదు.

"మరి గృహప్రవేశం?" అన్నాను.

"చేస్తం. వార్నిష్ మాత్రం ఇప్పుడే వద్దు. ఎండలు కొట్టినంక గూడ సప్పుడు రాకుంటే అప్పుడు ఏద్దువు తమ్మీ. ఇంకోటుంటే అదే లేస్తది. ఉన్నా ఎట్ల పట్టాల్నో ఎర్కనే గద."

వెంకట్రాములు డబ్బా చంకన పెట్టుకొని వెళ్లాడు. నేను స్టూలు దిగి, మాఘంలో మంచి రోజు చూడమని అడగడానికి అయ్యగారి ఇంటికి బయలుదేరాను.