బొమ్మ నాడి

పరీక్ష గదిలో మంచం మీద రబ్బరు బొమ్మ పడుకుని ఉంటుంది. ఎదురుగా గోడకు ఓ తెర, తెరలో పరీక్షాధికారి. ఆయన తన ఇంట్లోనే కూర్చుని, పైన ఇస్త్రీ చొక్కా, కింద నైట్ ప్యాంటుతో, కాబోయే డాక్టర్ల పనితనం తేలుస్తాడు. పనితనం అంటే మరేం లేదు, నోటితో చెప్పడమే. "చేతులు కడుక్కుంటున్నాను సార్" అంటే ఓ మార్కు. కుళాయి దాకా వెళ్ళక్కర్లేదు. "గుండె చప్పుడు వింటున్నాను సార్" అంటే ఇంకో మార్కు. స్టెతస్కోపు చెవుల్లో ఉందా, మెడలో వేలాడుతోందా అన్నది ఎవరికీ పట్టదు. ఇలా చిలక పలుకులు పలికి డాక్టర్లయిపోయినవాళ్ళు ఊరి నిండా ఉన్నారు.

బొమ్మకు సొంత గుండె లేదు. తెరలో ఎవరు కూర్చుంటే వాళ్ళ గుండె దాని ఒంట్లో కొట్టుకుంటుంది. ఆయన దగ్గితే అదీ దగ్గుతుంది, ఆయన సుష్టుగా భోంచేసి వస్తే అది త్రేన్చుతుంది. కాలేజీలో అందరికీ తెలిసిన సంగతే. అందుకే పరీక్ష రోజు తేలిగ్గా తినమని ఆఫీసువాళ్ళు పరీక్షాధికారులకు ముందే చెబుతారు.

సప్లీకి ఇది ఆఖరి అవకాశం. ఈసారీ పోతే కాలేజీలోంచి పంపించేస్తారు. తప్పిన ప్రతిసారీ సప్లిమెంటరీ పరీక్షకు వస్తుందని తోటివాళ్ళు ఆమెకు పెట్టిన పేరే సప్లీ. ఆ పిల్లకు చదువు రాక కాదు. రోగి మీద చెయ్యి వేసిందంటే పనిలో మునిగిపోతుంది, నోరు పెగలదు. చేసింది చెప్పలేదని, ఇవాళ తెరలో ఉన్న ఈయనే ఇదివరకు ఆమెను ఫెయిల్ చేశాడు. ఆ పెద్దమనిషిని చూస్తేనే ఆమెకు ఒళ్ళు మంట.

ఇవాళ అన్నీ గట్టిగా చెప్పేయాలనే వచ్చింది. తీరా బొమ్మ మణికట్టు పట్టుకోగానే మాట ఆగిపోయింది. నాడి కాస్త నడిచి, ఆగి, ఉన్నట్టుండి పరుగు తీస్తోంది.

"సార్, మీకు ఒంట్లో బాగానే ఉందా?"

ముందు పేషెంటు సంగతి చెప్పమన్నాడాయన విసుగ్గా. ఇంతవరకూ వచ్చినవాళ్ళంతా నార్మల్ అన్నారు, నీకొక్కదానికే తేడా కనబడిందా అని దెప్పాడు కూడా.

"నార్మల్ కాదు సార్. ఇంట్లో ఎవరినైనా పిలవండి."

సున్నా వేద్దామని ఆయన వేలెత్తాడు. ఎత్తిన వేలు ఎత్తినట్టే ఉండగా బల్ల మీదికి ఒరిగిపోయాడు. ఆమె వేళ్ళ కింద నాడి లేదు. సప్లీ ఒక్క గంతున మంచమెక్కి, బొమ్మ గుండెల మీద రెండు చేతులూ ఆనించి నొక్కడం మొదలుపెట్టింది. ఆమె నొక్కినప్పుడల్లా తెరలో ఆయన ఒళ్ళూ అదురుతోంది.

ఇంతలో బెల్ కొట్టారు. తర్వాతి విద్యార్థి లోపలికొచ్చి, నీ టైమ్ అయిపోయింది, దిగమన్నాడు. సార్ ఇంటికి అంబులెన్సు పంపించమని చెప్పిందామె, నొక్కడం ఆపకుండానే. అతను తెరలో వాలిపోయి ఉన్న మనిషిని ఓసారి చూసి, సార్ చెబితే పంపిస్తానన్నాడు. ఆ తెలివి తెల్లారినట్టే ఉంది.

కాసేపటికి బొమ్మ గట్టిగా ఊపిరి లాక్కుంది. తెరలో ఆయనా లాక్కున్నాడు. మెల్లగా తలెత్తి, ముందుగా గడియారం చూశాడు. చావు గడప దాకా వెళ్ళొచ్చినా బుద్ధి మాత్రం ఇసుమంతైనా మారలేదు.

"బెల్ కొట్టాక చేసింది లెక్కలోకి రాదమ్మా," అన్నాడు పక్కటెముకలు పట్టుకుని.

"సరే సార్. అయితే చేతులు తీసేస్తాను."

తీయలేదు. ఊరికే అంది. ఆయన మొహాన మాత్రం నెత్తుటి చుక్క లేదు.

"ఆగమ్మా, అంత తొందరేముంది," అన్నాడు.

భార్యను కేకేశాడు. ఆవిడ ఫోన్ చేసి వచ్చేలోపు, సున్నా వేయబోయిన వేలితోనే సప్లీకి మార్కులన్నీ వేసేశాడు, ఆమె చేయనివాటికి కూడా. అంబులెన్సువాళ్ళు వచ్చి ఆయన్ను మోసుకెళ్ళేదాకా ఆమె బొమ్మ మీంచి చెయ్యి తీయలేదు.

ఆ ఏడాది పాసైనవాళ్ళలో బొమ్మను ముట్టుకున్నది ఆమె ఒక్కతే.