దాన్ని కొట్టే బండి

ఆ బండి తప్ప ఏదైనా సరే, ఎడ్లబండైనా సరే, అనుకుంటూ లస్మయ్య షోరూము గాజుగోడకు ఇవతలే ఆగిపోయాడు, లోపల సల్లగుంటది రా బాపూ అని బిడ్డ పిలిచినా కదల్లేదు, ఎవడిక్కావాలి వీళ్ల చల్లదనం, సూరత్ డుమస్ రోడ్డు ఎండ చాలు తనకు, లోపల నున్నటి గచ్చు మీద అదే బండి, అదే మూతి, అదే వెండి పట్టీ, పరుశురాం కొన్నది ఎరుపు, ఇది తెలుపు, నక్కకు సున్నం కొడితే ఆవవుతుందా, దాని చుట్టూ తిరుగుతోంది అలేఖ్య, ఒక్కతే బిడ్డ, హజీరా కంపెనీలో ఇంజనీరు, కొనేది ఆమె, నడిపేది ఆమె, కానీ ఏది కొనాలన్నది నీ ఇష్టం బాపూ అని అమ్మ ఫొటో ముందు మాటిచ్చింది, ఆ మాట కోసమే వచ్చాడు, లేకపోతే ఈ గాజుకొంపలతో తనకేం పని, బిడ్డ చెవి దగ్గర ఫోను పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతోంది, వినబడదు, వినబడాల్సిన పని కూడా లేదు, ఉధ్నా సాంచాల షెడ్డులో, మరమగ్గాల మధ్య, బతుకు అరగదీసినవాడికి చెవులెందుకు, అన్ని సాంచాలూ ఒక్కసారి ఆడుతుంటే నెత్తిన పిడుగు పడ్డా తెలియదు, అక్కడ మాట అంటే పెదవులే, కండెలు అయిపోయినయ్ అన్నా, సాంచా బందు వెట్టు అన్నా, సేటు వస్తున్నడు అన్నా, నోటి వాటం చూసి పట్టుకోవాల్సిందే, పట్టడంలో లస్మయ్యను మించినవాడు లేడు, తెలుగైనా హిందీ అయినా గుజరాతీ అయినా ఒకటే, షెడ్డు ఆ కొసన ఎవడైనా తనను తిట్టుకుంటే ఈ కొస నుంచి నడిచి వెళ్లి చొక్కా పట్టుకునేవాడు, నేననలే అంటే నీ మూతి అన్నది అనేవాడు, చెవులు సగం పోయాయి, పోతే పోనీ, కళ్లున్నాయి, ఆ కళ్లకే ఇప్పుడు గాజు అవతల బిడ్డ పెదవుల మీద ఆ మాట కనబడింది, నువ్వు చెప్పు పెద్దబాపూ, నువ్వు ఏది అంటే గదే.

పెద్దబాపు. ఆ పరుశురాం పెద్ద బాపు, అంటే ఈ బాపు చిన్న అన్నమాట, చుట్టరికం లేకపోతే ఎంత బాగుండేది, కానీ ఉంది, అక్కచెల్లెళ్లను చేసుకున్నారు, సుభాషిణి వాడికి, జమున తనకు, ఒకే ఊరు, ఒకే బడి, అయిదో తరగతి దాకా ఒకే రాజనర్సు సారు బెత్తం, ఒకే రైలెక్కి సూరత్‌లో దిగారు, ఒకే షెడ్డులో పక్కపక్క సాంచాలు నడిపారు, మరి దారి ఎక్కడ చీలింది, వాడికి కామ్‌రేజ్‌లో సొంత షెడ్డు, తనకు ఇంకొకడి షెడ్డులో మేస్త్రీ పని, వాడికి నెత్తి నిండా వెంట్రుకలు, తనకు నెత్తి మీద ఎండ, వాడు నవ్వితే పది మంది తిరిగి చూస్తారు, తను నవ్వితే ఏమైంది నీకు అంటారు, వాడి పెండ్లాం బతికుంది, అక్కడ ఆగితే బాగుండేది, మనసు ఆగదు, వాడి పెండ్లాం బతికుంది, తనది పోయింది, పాడె ఎక్కకముందే పోయింది, ఆ ఎర్రబండిలో కూర్చుని పోయింది, కొత్తగా కొన్న ఆదివారం వాడు అందరినీ డుమస్ తీసుకుపోయాడు, చూపించుకోవాలి కదా మరి, వెనక సీట్లో కూర్చుంటే జమునకు కడుపులో తిప్పుతుంది, ఎప్పుడూ ఉన్నదే, బస్సులో అయినా డ్రైవరు పక్కనే చోటు వెతుక్కునేది, ముందటికి రా మరదలా, నా బండిల కక్కుతవేమో అన్నాడు వాడు, నవ్వుకుంటూ ముందుకు పోయింది, లస్మయ్య వెనక సుభాషిణి పక్కన కూర్చుని దారి పొడుగునా తన పెండ్లాం జడ చూస్తూ పోయాడు, సముద్రం దగ్గర సుభాషిణి దిగి ఇసుకలోకి నడిచింది, తనను టమాటా భజియాకు పంపారు, పంపలేదేమో, తనే పోయాడేమో, లేదు, పంపారు, పంపారనే అనుకోవాలి, వేడి పొట్లాలు చేతులు కాలుస్తుంటే తిరిగి వచ్చేసరికి ముందు అద్దంలోంచి ఇద్దరూ కనబడ్డారు, అద్దాలన్నీ ఎక్కించి ఉన్నాయి, జమున వాడి వైపు తిరిగింది, కళ్లు పెద్దవి చేసింది, పెండ్లయిన కొత్తలో సినిమాహాల్లో దీపాలు ఆరిపోగానే తన వైపు అలాగే తిరిగేది, ఇప్పుడు వాడి వైపు తిరిగి, నవ్వుతూ, బావా, మందు వెట్టినవా అంది.

మందు వెట్టినవా. ఊళ్లో ఆ మాటకు అర్థం పిల్లలక్కూడా తెలుసు, పరాయి ఆడదాని మనసు తిప్పడానికి తమలపాకులోనో బెల్లంలోనో కలిపి పెట్టేదే మందు, మొగుణ్ని విడిచిపోయిన ప్రతి ఆడదాని వెనకా ఊరు అనే మాట అదే, దానికెవడో మందు వెట్టిండు, తన పెండ్లాం దాన్ని నవ్వుతూ అడిగింది, అడగడమంటే ఒప్పుకోవడమే, వాడేం జవాబిచ్చాడో తెలియదు, వాడి మీసం పైపెదవిని మింగి కిందికి దిగి ఉంటుంది, షెడ్డులో కూడా వాడి మాట ఎవరికీ అందేది కాదు, పనిబడితే భుజం పట్టి ఊపాల్సిందే, మీసం కదిలింది, ఇద్దరూ పగలబడి నవ్వారు, భజియా పొట్లాల నూనె లస్మయ్య మోచేతుల దాకా కారింది.

అడగలేదు, అడిగేవాడు చేతగానివాడు, చెవులు పోయినవాడికి అలగడం సులువు, తలుపు వేసుకోనక్కర్లేదు, అరవనక్కర్లేదు, తల పక్కకు తిప్పుకుంటే చాలు, ఎదుటి మనిషి మాట అక్కడికక్కడే చచ్చిపోతుంది, జమున ఎదురుగా వచ్చి నిలబడి ఏమైంది అనేది, తల అటు తిప్పేవాడు, అటు వచ్చేది, ఏమైంది, నేనేం జేసిన, ఇటు తిప్పేవాడు, కంచంలో అన్నం పెట్టి ఎదురుగా కూర్చుని మొహంలోకి చూసేది, కంచంలోకి చూస్తూ తినేవాడు, కొన్నాళ్లకు అడగడం మానేసింది, చూశావా, తప్పు లేకపోతే ఎందుకు మానేస్తుంది అనుకున్నాడు, వానల్లో జ్వరం వచ్చింది, ఆసుపత్రిలో మూతికి మాస్కు కట్టారు, దాని కింద పెదవులు కదిలాయి, మాస్కు లోపలంతా ఆవిరి కమ్మింది, ఏం కనబడలేదు, కనబడకపోయినా తనకు తెలుసు అది ఎవడి పేరో, పాడె లేపేటప్పుడు పరుశురాం భుజం పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు, నీ బుజం వద్దు, పో, అన్నాడు, నలుగురూ వింటుండగా, మీసం కదిలింది, ఏమంటే ఎవడిక్కావాలి, వాడు మెట్ల మీద కూలబడి ఏడ్చాడు, ఏడవడంలో కూడా తనకన్నా వాడే ముందు, తనకు కన్నీళ్లు రాలేదు, అవి కూడా వాడే తీసుకున్నాడు, అప్పటినుంచి వాడు గడప తొక్కలేదు, తను తొక్కనివ్వలేదు, బిడ్డ మాత్రం పెద్దబాపును వదల్లేదు, వాడి బండి మీదే డ్రైవింగు నేర్చుకుంది, అది తనకు తెలియదనుకుంది.

అలేఖ్య బయటికి వచ్చింది, బాపూ, గీ బండి నా చెయ్యికి అలవాటైంది, బ్రేకు గిట్ల మంచిగున్నది, పెద్దబాపు గూడ గిదే తీసుకో అన్నడు, అంది, పెద్దబాపు చెప్తె బాయిల దుంకుతవా అన్నాడు, ఏసీ ఉంటె దుంకుత అంది, నవ్వలేదు లస్మయ్య, ఎదురుంగ ఇంకో కంపెనీది ఉన్నది, దీన్ని కొట్టేదంట, గది సూద్దాం నడు, బండ్లు కొట్టుకుంటయా బాపూ, సక్కగ రోడ్డు మీద పోతయి గని, అంటూనే చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది, సగం రోడ్డులో ఆగి ముఖంలోకి వంగి, ఒక్కటి మాత్రం చెప్తున్న, ఏ బండైనా సరే, ఇంటికి తెచ్చిన దినం నిమ్మకాయలు పెద్దబాపుతోనే తొక్కిస్త, అంది, లస్మయ్య తల తిప్పుకున్నాడు, గదే, గట్లనే తిప్పు, అమ్మను గూడ గిట్లనే, అని ఏదో అనబోయి మింగేసింది, చివర మింగిన మాటను పెదవులు కూడా చెప్పవు.

ఇక్కడి షోరూములో హేతల్‌బెన్ అనే లావుపాటి ఆమె ఎదురొచ్చింది, ఆవో కాకా, బేసో, ఛాస్ పీయో, అంటూ మజ్జిగ గ్లాసు చేతిలో పెట్టింది, లస్మయ్య మజ్జిగ తాగకుండానే అడిగాడు, సామ్నేవాలీ సే అచ్ఛీ హై క్యా, ఎదురుగా ఉన్నదానికన్నా మంచిదేనా అని, అరే కాకా, ఉస్‌కో తో ఖా జాయేగీ, అంది, దాన్ని తినేస్తుందట, సూరత్‌లో ఇన్నేళ్లలో విన్న మాటల్లో ఇంత తియ్యటిది లేదు, అప్పుడు మజ్జిగ తాగాడు, దానికన్నా జానెడు పొడుగు, దానికన్నా పెద్ద డిక్కీ, నెత్తిన దానికన్నా వెడల్పు గాజు, అడిగినదల్లా దానికన్నా, దానికన్నా, హేతల్‌బెన్‌కు సంగతి అర్థమైపోయినట్టుంది, అడగకముందే దానికన్నా అని మొదలుపెడుతోంది, అదీ హైబ్రిడే, ఇదీ హైబ్రిడే అంది, హైబ్రిడ్ అంటే లస్మయ్యకు తెలిసింది నాయిన వేసిన హైబ్రిడ్ జొన్న ఒక్కటే, కంకి బారెడు, రొట్టె చప్పన, ఇదేందో బిడ్డ విడమర్చి చెప్పింది, లోపట ఇంజను ఉంటది బాపూ, బ్యాటరీ మోటరు గూడ ఉంటది, ఒక్కోసారి పెట్రోలు, ఒక్కోసారి కరెంటు, ఎప్పుడు ఏదన్నది అదే సూసుకుంటది, మనకు తెల్వనే తెల్వది, మనకు తెల్వదు, అవును, పైకి ఒకటి లోపల ఒకటి, ఇద్దరితో కాపురం చేసే బండి, మొగుడికి తెలియనే తెలియదు, అందుకే వాడికి నచ్చింది, సరే, వాడికున్నది తనకూ ఉండాలి, వాడిదానికన్నా పెద్దది ఉండాలి, కామ్‌రేజ్ దాకా పోయి వాడి షెడ్డు ముందు ఆపి దిగకుండా తిరిగి రావాలి.

నడిపి చూడండి అంది హేతల్‌బెన్, అలేఖ్య స్టీరింగు ముందు, హేతల్‌బెన్ వెనక, ముందు సీటు తలుపు తీసి పట్టుకుని కూర్చో బాపూ అంది బిడ్డ, ముందు సీటు, జమున కూర్చున్న వైపు, ఇది ఆ బండి కాదు, దాన్ని కొట్టేది, అని చెప్పుకుని కూర్చున్నాడు, సీటు మెత్తగా లోపలికి లాక్కుంది, బండి డుమస్ వైపు కదిలింది, సాయంత్రపు ఎండ సూటిగా కళ్లలో గుచ్చుకుంది, అలేఖ్య చెయ్యి చాచి అతని ముందున్న నీడపలకను కిందికి దించింది, దాని లోపలివైపు చిన్న అద్దం, అద్దంలో గడ్డం మాసిన మూతి, ఎవడీ ముసలోడు, అరికాళ్ల కింద ఇంజను సన్నగా వణుకుతోంది, చెవులు మోసం చేసినా అరికాలు చెయ్యదు, సాంచా ఆగితే ముందు అరికాలికే తెలుస్తుంది, సిగ్నలు పడింది, బండి ఆగింది, అరికాళ్ల కింది వణుకు చచ్చిపోయింది, పూర్తిగా, కానీ మొహం మీద చల్లగాలి అలాగే కొడుతోంది, ఇదేంది, నడిరోడ్డు మీద, వెనక ఇన్ని బండ్లు, గాబరాగా కళ్లు పెద్దవి చేసి, ఏందే, బందు వెట్టినవా, అన్నాడు.

అద్దంలో ఒక నోరు, మందు వెట్టినవా, అంది.

ఎవరు, ఎవరు ఆ మాట అన్నది, తన మూతే, మాసిన గడ్డంలో తన పెదవులే, అలేఖ్య పకపకా నవ్వుతోంది, నువ్వు గూడ గంతేనా బాపూ, పెద్దబాపు బండిల ఎవ్వలెక్కినా ఫస్టు గిదే అడుగుతరు, ఆగిందనుకుంటరు, ఆగలే, నడుస్తనే ఉన్నది, అతను అద్దం మీది నుంచి కళ్లు తీయలేదు, బందు, అన్నాడు మెల్లగా, పెదవులు కలిశాయి, విడిపోయాయి, మందు, అన్నాడు, కలిశాయి, విడిపోయాయి, మళ్లీ బందు, మళ్లీ మందు, వెంట్రుకవాసి తేడా లేదు, రాజనర్సు సారు బెత్తం ఊపుకుంటూ బల్లల మధ్య నడుస్తున్నాడు, ప ఫ బ భ మ, పెదవులు కలువకుంట మ అనుర్రి సూద్దాం, ఎవరివల్లా కాలేదు, పరుశురాం వల్ల కాలేదు, తనవల్ల కాలేదు, అయిదింటికీ ఒకటే మూతిరా సన్నాసుల్లారా అన్నాడు సారు, షెడ్డులో ఆ చిక్కు ఎప్పుడూ రాలేదు, సాంచా ముందు నిలబడి ఎవడైనా అంటే అది బందే, మందు కాదు, మనిషి ఎక్కడున్నాడో చూసి అక్షరాన్ని కళ్లే పూరించుకునేవి, ఆ రోజు జమున ఎక్కడుంది, బండిలో ఉంది, ఆగినట్టుండి ఆగని బండిలో, చల్లగాలి కొడుతుండగా, ఎవరెక్కినా ముందు అడిగే మాట అడిగింది, మిగిలిన అక్షరాన్ని పూరించినవాడు తను, అది జమున నోట్లోది కాదు, తన కడుపులోది, ఏమైంది, నేనేం జేసిన, అటు తిప్పాడు తల, ఇటు తిప్పాడు, ఏం చేసిందో ఆమెకు చివరిదాకా తెలియదు, చెయ్యనిది ఎలా తెలుస్తుంది, మాస్కు కింద పెదవులు ఏమన్నాయో, ఏమైంది అన్నాయేమో, వెనక హారన్లు కొడుతున్నట్టున్నారు, అలేఖ్య అతని వైపు తిరిగి ఏదో అంటోంది, నవ్వు ఆగిపోయింది, ఏ బండి బాపూ అంటోందో, ఏమైంది బాపూ అంటోందో, పెదవులు కలిసి విడిపోయాయి, ఇంతే కనబడింది, తల తిప్పుకోవాలనుకున్నాడు, తిప్పుకోలేదు, బిడ్డ నోటి వైపే చూస్తూ కూర్చున్నాడు, జమున బండి సంగతే అడిగింది.