సాక్ష్యం తర్వాత మానేసిన మాత్ర

నాలుగు నెలల మాత్రలు, ఒక్క అట్టయినా చింపకుండా బియ్యం డబ్బాలో పెట్టి, అన్నీ ఆడనే ఉండాయి, ఒక్కటీ పారెయ్యలేదులే మే అని డాక్టరుగారి ముందు ఎంత నిబ్బరంగా చెప్పింది అమ్మ, పారెయ్యకపోవడమే ఘనకార్యమైనట్టు, నా ఒళ్ళో రిపోర్టు కవరు, పదివేల దగ్గర ఉండాల్సిన తెల్లకణాలు లక్షా ముప్పైవేలు, నెల్లూరు నుంచి బస్సెక్కినప్పటి నుంచీ ఎండ ముఖాన కొడుతోంది, పక్క సీట్లో మా అమ్మ రెబెక్కమ్మగారు కొంగు తలమీదికి లాక్కుని హాయిగా కళ్ళు మూసుకున్నారు, నాకు మాత్రం ఒళ్ళు మండిపోతోంది, పదకొండేళ్ళుగా కాలేజీలో బయోకెమిస్ట్రీ చెబుతున్న కెజియా మేడం తల్లి చెయ్యాల్సిన పనా ఇది, బోర్డు మీద సున్నా చుట్టి అందులో పి రాసి, ప్రొటీనుకు ఈ చిన్న ఫాస్ఫేటు తగిలిస్తే చాలు, కణం బతకాలా చావాలా తేలిపోతుందని ఏటా గొంతు పోయేలా చెబుతానే, కాలం తీరిన కణం తనంతట తాను చచ్చిపోవాలి, అది ఒంటికున్న మర్యాద, అమ్మకొచ్చిన రక్తపు క్యాన్సరులో ఒక ఎంజైము ఆ మర్యాద చెడగొట్టింది, ఆగకుండా ఫాస్ఫేట్లు తగిలిస్తూ చావొద్దు, పెరుగు, పెరుగు అంటుంది, చావమని చెప్పాల్సిన ప్రొటీన్ల నోరు కట్టేస్తుంది, ఆ మాత్ర వెళ్ళి దాని చేతికి ఫాస్ఫేటు అందకుండా అడ్డం కూర్చుంటుంది, కూర్చున్నంత సేపే, లేచిందా, కథ మళ్ళీ మొదటికే.

మా చర్చి పాస్టరు టైటస్ అయ్యగారిని అనాలి, నాలుగు నెలల కిందట రిపోర్టు బాగా వచ్చాక తొలి ఆదివారమే మైకు అమ్మ చేతికిచ్చి సాక్ష్యం చెప్పండమ్మా అన్నారాయన, అమ్మ లేచి దేవుడు నా జబ్బు తీసేసినాడు అంది, సంఘమంతా చప్పట్లు, స్తోత్రాలు, నేనూ కొట్టాను, ఆ మర్నాటి నుంచే మాత్ర మానేసింది, ఎందుకమ్మా అని ఇందాక ఆసుపత్రి వరండాలో నిలదీస్తే, దేవుడి ముందర నిలబడి జబ్బు పోయిందని చెప్పినాను గదా, మళ్ళా ఇంటికొచ్చి మాత్ర మింగితే ఆ సాక్ష్యం అబద్ధం గాదా అంది, నాతో ఒక్క మాటైనా అనలేదేమంటే, నువ్వు అడగలేదు గదమ్మే అంది, లోకమంతా పట్టపగలు అబద్ధాలాడి కడుపునిండా తిని పడుకుంటోంది, ఈమెకే వచ్చిందా ఈ పట్టింపు, మళ్ళీ మొదలుపెడదాం, మాత్ర పనిచేస్తుందో లేదో మూడు నెలలు చూడాలి అన్నారు డాక్టరుగారు, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం, ఈలోగా ఆ ఎంజైము తన ఆకారం మార్చుకుని మాత్రకు లొంగకపోతే ఏం చెయ్యను, నాకు అమ్మ కావాలి, అంతే, ఇంకేమీ వద్దు.

అల్లూరు దగ్గరపడింది, రోడ్డుకు రెండు పక్కలా రొయ్యల గుంటలు, నీళ్ళకు గాలి అందించే ఏరేటర్లు గిరగిరా తిరుగుతూ నీళ్ళు చిమ్ముతున్నాయి, ఉండబట్టలేక అడిగేశాను, నీళ్ళు బాగున్నాయని మామయ్య తన గుంటలో ఏరేటర్లు ఆపేస్తాడా అమ్మా, అమ్మ కళ్ళు తెరిచింది, ఆపితే తెల్లారేసరికి రొయ్య చచ్చి తేలదా అంది, నీ మాత్రా అంతే, అది పనిచేస్తున్నన్నాళ్ళే నీ రక్తం బాగుండేది అన్నాను, అమ్మ తలమీది కొంగు వెనక్కి తోసి, మరి ఆ మాట ఆ పొద్దే చెప్పుంటే నేను మైకు పట్టుకునేదాన్నే గాదు గదమ్మే అంది, కోపంగా కాదు, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు, జబ్బు పోయిందమ్మా అని నాతో చెప్పినదానివి నువ్వే గదా, అయ్యగారికి ఫోను చేసినదానివీ నువ్వే.

అవును, ల్యాబు మెట్ల మీదే, రెండేళ్ళ తర్వాత అమ్మ ముఖంలో నవ్వు చూడాలని, అదుపులో ఉంది అంటే చప్పగా ఉంటుందని, పోయిందమ్మా అన్నాను, మా పిల్లలు పరీక్షలో ఆ మాట రాస్తే సున్నా వేసేదాన్ని, నా చదువు చూసి అయ్యగారు నమ్మారు, సంఘం నమ్మింది, అమ్మ తన ప్రాణం పెట్టి నమ్మింది, మైకు ముందు ఆమె విన్నదే చెప్పింది, అబద్ధమాడింది నేను.