సున్నా చుట్టని వేళ్లు

చొప్ప కరిగించే ట్యాంకు దగ్గర, పని దిగే వేళకు మనుషులు కూడా మెత్తబడిపోయేవారు. మొక్కజొన్న చొప్పను నిలబెట్టే బిరుసు ఒకటి ఉంటుంది. ఇంధనం తీయాలంటే ముందు మందు పోసి ఆ బిరుసును విడదీయాలి. మందుకు చొప్పేదో మనిషేదో తెలియదు. ఎనిమిది గంటలు దాని పక్కన నిలబడ్డవాళ్ల మెడలు, మోకాళ్లు తడిగుడ్డల్లా వాలిపోయేవి. ఇంటివాళ్లు గేటు దగ్గరికొచ్చి భుజాన వేసుకుపోయేవారు. తెల్లారేసరికి మళ్లీ కాస్త గట్టిపడేవారు. హాజరు పట్టీలో "మెత్తదనం" అని ఒక గడి కూడా ఉండేది.

కొలతాయన ఇరవై రెండేళ్లుగా అక్కడే ఉన్నాడు. ట్యాంకు ఖాళీ అయ్యాక పద్నాలుగు మెట్లెక్కి, లోపలికి మీటరు దించి, ప్రాణాలు తీసే మందు ఆవిరి ఎంత మిగిలిందో రాయడం ఆయన పని. సున్నా ఉంటేనే కడిగేవాడు లోపలికి దిగాలి. మూడేళ్లుగా ఆయన మెట్లెక్కలేదు. ఒళ్లు సహకరించడం లేదని, కింద కూర్చునే సున్నా చుట్టేవాడు. ఇన్నాళ్లూ ఏమీ కాలేదు కాబట్టి అదే కొలత అనుకున్నాడు. అలసట నిజమే. సున్నా మాత్రం నిజం కాదు.

ఆ రోజు మడ్డి లారీ రాలేదు. చొప్ప నుంచి విడిపోయిన బిరుసంతా నల్లటి మడ్డిగా, బస్తాల్లో మెట్ల పక్కనే పడి ఉంది. కొలతాయన ఒక బస్తాకు వీపు ఆనించి కూలబడ్డాడు.

"ఏం బావా, సున్నా పెట్టేశావా? ఇప్పుడు దిగనా, నువ్వు నిద్ర లేచాక దిగనా?" కడిగేవాడు పైనుంచి అరిచాడు. చుట్టరికం లేదు, పదేళ్ల స్నేహంతో వచ్చిన పిలుపు. అప్పటికే ఒక కాలు ట్యాంకులో పెట్టాడు.

"కానివ్వండయ్యా, గేటు దగ్గర రెండు లోడ్లు కాచుకునున్నాయి," అన్నాడు సూపర్‌వైజరు.

కొలతాయన పెన్ను తీశాడు. చొప్పదో, తనదో, బస్తాలోని బిరుసు వీపులోకి ఎక్కసాగింది. వెన్ను నిటారైంది. సున్నా చుట్టడానికి వేళ్లు వంగలేదు.

"ఒరేయ్, ఆగు!"

కర్రకాళ్లతో ఒక్కో మెట్టూ ఎక్కాడు. రెండు అరచేతుల మధ్య మీటరు పట్టుకుని లోపలికి దించాడు. అది కీచుమని మోగింది. ముల్లు ఎర్రగీత దాటిపోయింది.

కడిగేవాడు కాలు వెనక్కి లాక్కుని, ఆ ముల్లునే చూస్తూ ఉండిపోయాడు.

"బావా, మరి నిన్నటి సున్నా?"

తల దించుకుందామంటే మెడ వంగలేదు. అతని మొహంలోకే చూస్తూ చెప్పాల్సి వచ్చింది.

"ఎక్కి చూడలేదురా. మూడేళ్లుగా చూడలేదు."

కింద సూపర్‌వైజరు ఏమైందని కేకలేస్తున్నాడు. కడిగేవాడు కొలతాయన చేతుల్లోంచి మీటరు మెల్లగా తీసుకున్నాడు.

"మీరు దిగండి," అన్నాడు. "ఇకమీద నేనే కొలుచుకుంటాను."