ఊయల పక్కన రాజసభ

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఏమిటంటే, మా పాప మూలిగినప్పుడు నాకు వినపడదేమోనని. మొన్న వానాకాలంలో జ్వరం ఒక్కసారిగా పెరిగి దానికి ఫిట్స్ వచ్చాయి. నేను వంటింట్లో ఉన్నాను. ముందు పిల్లికూన అరిచినట్టు చిన్న మూలుగు వినపడింది. అది వినబట్టి పరుగెత్తాను. పెద్దయ్యేకొద్దీ తగ్గిపోతుందని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట నా బుర్రకి ఎక్కింది గానీ చెవులకి ఎక్కలేదు. అప్పటినుంచి కుక్కర్ కూత పెట్టినా నాకు కోపమే.

మా ఆడపడుచు కాలేజీలో చదువుతోంది. నాటకాలంటే పిచ్చి. ఈ ఏడు పోటీకి వాళ్ళ నాటకానికి డైరెక్టరు తనే. ఎంచుకున్నది అందరికీ తెలిసిన పాత నాటకమే. యుద్ధం నుంచి తిరిగొచ్చిన రాజు ఎవరో చెప్పిన చాడీలు నమ్మి, నిండు సభలో రాణిని నిలదీస్తాడు. రాజు గొంతు ఎంత పెద్దదైతే నాటకం అంత గొప్పదని లెక్క. మధ్యలో దాది ఒక్కసారి వచ్చి "బిడ్డ నిద్రపోయింది ప్రభూ" అని వెళ్ళిపోతుంది. నేను తొమ్మిదిలో బడి మానేసేముందు అందులో ఒక ముక్క మాకు పాఠంగా ఉండేది. రాజు మాటలన్నీ బట్టీ పట్టించారు. దాది మాట పరీక్షలో రాదన్నారు.

కాలేజీ హాలుకి రంగులేస్తున్నారని రిహార్సల్స్ మా ఇంటి ముందు గదిలో పెట్టుకున్నారు. పాప ఊయల ఆ గదిలోనే ఉంది. రాజు వేషం కుర్రాణ్ణి అందరూ మైకు అని పిలుస్తారు. అతను "ఓసీ ద్రోహీ!" అన్నాడో లేదో, నేను గరిటెతో సహా వంటింట్లోంచి ఊడిపడ్డాను.

"ఏం బాబూ, పాప పడుకున్నది కనపడ్డం లేదా?"

"సారీ అక్కా. కానీ ఇక్కడ రాజుకి కోపం రావాలి కదా."

"రానీ, ఎవరొద్దన్నారు? మెల్లిగా రానీ."

అందరూ నోళ్ళు నొక్కుకుని నవ్వారు. మైకు కూడా నవ్వి, ఊయల వైపు ఒకసారి చూసి, గొంతు అణుచుకుని పళ్ళ మధ్యనుంచి అదే మాట అన్నాడు. నవ్వులు ఆగిపోయాయి. రాణి వేషం అమ్మాయి నిజంగానే ఒక అడుగు వెనక్కి వేసింది. నేను గరిటె దించేశాను. అరిచేవాడి మీద తిరిగి అరవొచ్చు. ఇలా మాట్లాడేవాణ్ణి ఏం చేస్తాం?

గోడకి చేరగిలబడ్డ మా ఆడపడుచు లేచి నిలబడింది.

"ఇంతే. నాటకమంతా ఇంతే. దాది వెళ్ళిపోదు. ఊయల స్టేజీ మధ్యలో ఉంటుంది. బిడ్డ నిద్రపోతోంది కాబట్టి ఎవ్వరూ గొంతెత్తరు."

సంగతి విని నాటకాల మాస్టారు తల పట్టుకున్నారట. "రాజు గుసగుసలాడితే రాజెలా అవుతాడమ్మా? చాడీలు చెప్పేవాడవుతాడు" అన్నారట. "నాక్కావలసింది అదేనండీ మాస్టారూ" అని వచ్చేసింది మా పిల్ల.

తీరా పోటీ దగ్గరపడ్డాక దాది వేషం అమ్మాయి చేతులెత్తేసింది. అంతసేపు ఊయల ఊపుతూ కూర్చుంటే నడుం పట్టేస్తోందట.

"వదినా, నువ్వు చెయ్యాలి."

"నేనా? తొమ్మిది కూడా పూర్తిచెయ్యనిదాన్ని."

"ఊయల ఊపడానికి డిగ్రీ ఎందుకే?" అంది అత్తయ్య కుర్చీలోంచి. "ఏడాదిగా ఊపుతూనే ఉన్నావుగా."

"పాపనే ఆ ఊయల్లో పడుకోబెట్టండి. అయితే చేస్తాను."

"లైట్ల వేడి వదినా. దాని ఒళ్ళు వేడెక్కితే?"

నేను వెళ్ళి పాప నుదురు ముట్టుకొచ్చాను.

"వెనకాల మేకప్ గదిలో అమ్మ చూసుకుంటుంది కదా."

అత్తయ్య మంచి మనిషే. కానీ కూర్చుంటే చాలు, కునుకు పడుతుంది. మా ఆయనకి ఆ రోజు డ్యూటీ. కుదరదు పొమ్మన్నాను. అన్నానే గానీ, వాళ్ళు రిహార్సల్ చేస్తుంటే అంట్లు తోముతూ నేను చెయ్యి ఆపేదాన్ని. రాజు ఏ మాటకి దాది ఊయల ఆపాలో నాకు తెలిసిపోతోంది. దాది బదులు కూర్చున్న అమ్మాయిలెవరూ ఆపడం లేదు. ఒకసారి తడి చేతులతోనే వచ్చి, "చేస్తాను. భయపడుతూనే చేస్తాను. భయం తగ్గాక చేద్దామంటే పాప పెళ్ళీడుకొస్తుంది" అన్నాను.

పోటీ రోజు మేకప్ గది తలుపు ఓరగా తీసి ఉంచమన్నాను. స్టేజీకి, ఆ గదికి మధ్య ఒక్క తెరే అడ్డం. ఊయల్లో చుట్టిన దుప్పటి ఉంది. దాన్ని ఊపుతూ చెవులు మాత్రం వెనక్కి పెట్టాను.

రాజు రాణిని నిలదీసే ఘట్టం వచ్చింది. వెనక వరసల్లోంచి ఎవడో "గట్టిగా!" అని అరిచాడు. "మైకూ, ఏమైందిరా నీకు?" అని ఇంకొకడు. ఈలలు, నవ్వులు. ఆ గోలలో నా వెనక ఏదో మూలిగినట్టనిపించింది. మూలిగిందో లేదో తెలీదు. మైకు మెడ నరం ఉబ్బడం చూశాను. ఇక అరిచేస్తాడు. అతను అరిస్తే నాకేమీ వినపడదు.

లేచాను. దాది లేవాలని ఎక్కడా లేదు. స్టేజీ అంచుదాకా వెళ్ళి, నోటి మీద వేలు పెట్టి, మా గుమ్మం ముందు కేకలేసే పాతసామాన్లవాణ్ణి చూసినట్టు ఆ వెనక వరసల్ని చూశాను.

"ష్! బిడ్డ పడుకుంది."

హాలు మొత్తం గప్‌చుప్. అది నాటకంలో ఉందనుకున్నారు వాళ్ళు. నేను వింటున్నాను. ఫ్యాన్ల చప్పుడు. దాని కింద అత్తయ్య గురక, సన్నగా, తాపీగా. మూలుగు లేదు.

వచ్చి కూర్చుని మళ్ళీ ఊయల ఊపాను. మైకు ఊపిరి పీల్చుకుని గుసగుసగానే అందుకున్నాడు. ఆ తర్వాత ఎవరూ దగ్గనైనా లేదు.

తెర పడగానే పరుగెత్తి పాప నుదురు ముట్టుకున్నాను. చల్లగా ఉంది. బహుమతి వచ్చిన సంగతి నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

"వదినా, నువ్వు లేవడం అలాగే ఉంచేస్తున్నాం. ప్రతిసారీ లేవాలి" అంది మా ఆడపడుచు.

"ప్రతిసారీ నాకు అనుమానం రావాలా?"

"రాకుండా ఉంటుందా!"

ఇప్పుడు పెద్ద హాల్లో, అందరి కోసం ఆడమని పిలిచారు. వెళ్ళి చూసొచ్చాం. మేకప్ గది వసారా చివర ఉంది, మధ్యలో రెండు మందపాటి తలుపులు. మా ఆడపడుచు ఆ గదిలోకి వెళ్ళి పాపలా మూలిగింది. నేను స్టేజీ మీద నిలబడి విన్నాను. ఏమీ వినపడలేదు. అయినా చేస్తానన్నాను.

మీరు ఆ నాటకానికి వస్తే, సీట్లో కూర్చునేముందు ఎడమ వైపు వసారా చివరిదాకా వెళ్ళండి. తలుపు కొట్టకండి, మెల్లిగా తోయండి. అత్తయ్య కునుకు తీస్తుంటే లేపండి, ఏమీ అనుకోదు. పాపని మాత్రం లేపొద్దు. నుదుటి మీద చెయ్యి పెట్టి, ఒక్క నిమిషం దాని ఊపిరి విని రండి.