పీపా మీద మేయరు

బార్నబస్ కింబల్ మేయరు కుర్చీ కంటే ముందు ఎక్కింది పీపా. ఒహాయో నది ఒడ్డున ఉన్న ఆ మార్ష్‌ఫర్డ్ పట్నంలో మంటలార్పేవాళ్లంతా స్వచ్ఛంద దళాలవాళ్లే. జీతం లేదు, పౌరుషం మాత్రం బండెడు. ఎక్కడైనా అంటుకుంటే ప్రతి దళం నుంచీ ఒక మొనగాడు ముందే పరుగెత్తి, వీధి కుళాయి మీద ఖాళీ పీపా బోర్లించి కూర్చునేవాడు. తన దళం పంపు బండి వచ్చేదాకా ఇంకో దళానికి చుక్క నీళ్లు దక్కనిచ్చేవాడు కాదు. బార్నబస్ అలా కూర్చుని ఎన్ని ముక్కులు పగలగొట్టాడో! "మీ అమ్మ ఇల్లు కాలుతున్నా సరే, మన బండి రానిదే లేవొద్దురా" అని నీలి చొక్కాల దళానికి కెప్టెన్‌గా నేర్పింది అతనే. ఆ మాటకే ఓట్లు రాలాయి.

ఏటేటా వచ్చే మేయరు ఎన్నికలు మళ్లీ రెండు వారాల్లో ఉన్నాయనగా, మోకాళ్లు పట్టేసి మేడ దిగలేని అక్క టబిత అతన్ని పిలిపించింది.

"జీతాల దళం పెట్టే ఆ చట్టం మీద సంతకం చెయ్యరా. నాలుగు నెలలుగా నీ సొరుగులో మగ్గుతోంది. చర్మాల వీధిలో ఈ దళాలు కొట్టుకుంటుంటే నలుగురు మాడిపోయారు."

"ఏరు దాటాక తెప్ప తగలేస్తారు గానీ, దాటకముందే తగలెయ్యమంటావేంటక్కా? గెలవనీ, మర్నాడే పెడతా. ఒట్టు."

"నువ్వు గెలిచేదాకా నిప్పు ఆగుతుందా?"

అతను నవ్వేసి ఆవిడ చేయించిన యాపిల్ తీపి రొట్టె ఇంకో ముక్క తిన్నాడు.

గురువారం మధ్యాహ్నం టబిత ఇంటి కప్పే అంటుకుంది. బార్నబస్ పరుగెత్తుకొచ్చేసరికి పోటీ దళం ఎర్ర చొక్కాలవాళ్ల బండి సిద్ధంగా ఉంది. కుళాయి మీద మాత్రం పీపా, పీపా మీద నీలి చొక్కాల క్రాస్బీ. చుట్టూ పిడిగుద్దులు.

"లేవరా! అక్క పైనుంది!"

క్రాస్బీ పగిలిన పెదవితోనే నవ్వాడు. "నన్ను పరీక్షిస్తున్నారా కెప్టెన్? మీరు చెప్పిన పాఠమేగా!"

"పరీక్ష కాదురా, నీ కాళ్లు పట్టుకుంటా!"

నిజంగానే పట్టుకున్నాడు. కెప్టెన్ భలే ఆడుతున్నాడని నీలి చొక్కాలు చప్పట్లు కొట్టారు. వాళ్ల బండి వచ్చేసరికి మేడ కూలిపోయింది.

సమాధి దగ్గర అందరికంటే ఎక్కువ ఏడ్చింది క్రాస్బీ. ఊరు మాత్రం అక్క పోయినా కట్టుబాటు తప్పని మగాడంటూ బార్నబస్‌ను మునుపటికి రెట్టింపు ఓట్లతో గెలిపించింది. ఊరేగింపుకి ఆ పీపానే తెచ్చి జెండాలు చుట్టారు.

"కూర్చోండి కెప్టెన్" అన్నాడు క్రాస్బీ.

బార్నబస్‌కి ఆ పీపాని ఛీ అని తన్నాలనిపించింది. వీధి నిండా ఓటేసినవాళ్లు. కూర్చున్నాడు.

మర్నాడు సొరుగు లాగి, కాగితం తీసి, కలం సిరాలో ముంచాడు. వచ్చే ఏడు మళ్లీ ఎన్నికలు. కాగితం లోపల పెట్టేసి సొరుగు మూశాడు.